చేదు కాగితం

ఆదివారం పొద్దున డాక్టరమ్మ వేసుకున్న ప్రణాళిక పట్టుమని పది నిమిషాలది. ఇంట్లో ముగ్గురి నాలుకల మీద మూడు కాగితం ముక్కలు పెట్టడం, చేదుగా ఉందో లేదో అడగడం, రికార్డు పుస్తకంలో వంశవృక్షం గీయడం, ఆపైన మళ్లీ ముసుగుతన్ని పడుకోవడం. ఆమె వైద్య కళాశాలలో చేరి ఇంకా ఏడు నెలలు నిండలేదు. అయినా ఇంట్లో అందరికీ అప్పుడే డాక్టరమ్మ. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత గుర్తొస్తూనే ఉన్నా, పిలుపు వినడానికి బాగానే ఉంటుంది కనుక ఆమె ఎన్నడూ కాదనలేదు.

కాగితాలు చూడటానికి మామూలువే. వాటికి పట్టించిన మందే చిత్రమైనది. కొందరికి అది విషమంత చేదు, కొందరికి ఉత్త కాగితం. ఎవరి నాలుక ఎలాంటిదో పుట్టుకతోనే తేలిపోతుంది. "తల్లిదండ్రులిద్దరికీ ఈ చేదు తెలియకపోతే పిల్లలకీ తెలియదు" అని ప్రొఫెసరుగారు బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసింది. క్లాసులో ఆ ముక్క నోట్లో పెట్టుకుని డాక్టరమ్మ రెండు గ్లాసుల నీళ్లు తాగింది. ఇంత చేదు తనకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందా అని అప్పట్నుంచీ ఒకటే ఆరాటం.

అమ్మ స్కూల్లో ఆటల టీచరు. ఇంట్లో కూడా మెడలోంచి ఈల తీయదు. రోజూ ఆరింటికల్లా లేచి, పచ్చి క్యాబేజీ ఆకులు మిక్సీలో వేసి, రసం వడగట్టి రెండు గ్లాసుల్లో పోస్తుంది. ఒకటి తనకు, ఒకటి నాన్నకు. చిన్నప్పుడు డాక్టరమ్మ ఒక్క గుక్క తాగి, చేదని గోడ మీద ఊసింది. ఆ మరక ఇప్పటికీ కేలండరు వెనక ఉంది. నాన్న లైబ్రేరియన్. గొంతు పెంచడం ఆయన ఒంటికి పడదు. ఇరవై రెండేళ్లుగా ఆ గ్లాసు ఎత్తి, దించి, "బాగుంది" అని పేపరు తెరుస్తాడు.

ఆ రోజూ గ్లాసు దించి పేపరు తెరిచాడు. డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరకొచ్చింది.

"అమ్మా, నాలుక చాపు."

అమ్మ ముక్కను కాసేపు చప్పరించింది. "కాగితమే. ఏ రుచీ లేదు. ఇంకోటి ఉందా?"

"ఒకటి చాల్లే. నాన్నా, ఇక నువ్వు."

నాన్న ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లజోడు కాస్త పైకి లేచి దిగింది.

"మీకెలా ఉంది?" అంది అమ్మ.

"బాగుంది."

"చేదేం లేదు గదా నాన్నా?" అని అడిగింది డాక్టరమ్మ.

నాన్న అమ్మ వైపు చూశాడు. "అబ్బే, చేదేమిటి!"

ఇక మిగిలింది నాయనమ్మ. ముక్క తగలగానే ఆవిడ థూ అని ఊసి, "నీ చదువు బంగారం గానూ! ఏం విషం పెట్టావే?" అంటూ చక్కెర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ వంశవృక్షం గీసింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న. చేదు తెలిసినవాళ్లకు నలుపు. నాయనమ్మ నల్ల సున్న. నాన్న తెల్ల చదరం, అమ్మ తెల్ల సున్న. వాళ్లిద్దరి మధ్య నుంచి కిందికి గీత లాగి, తన సున్నను నల్లగా నింపబోయి, పెన్సిల్ ఆపింది. బోర్డు మీది రెండు గీతలూ కళ్లముందు ఆడాయి. అనుమానంతో ఇంకో ముక్క నాలుక మీద వేసుకుంది. దిమ్మతిరిగే చేదు. నిద్రమత్తు ఎగిరిపోయింది. ఈ లెక్కన తను ఈ ఇంటి పిల్ల కాదు.

వేరే వాళ్లయితే అక్కడే ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. ఈమె సైన్సు చదువుకున్న పిల్ల కనుక ముందు ఆధారాలు వెతికింది. అద్దంలో చూసుకుంటే ముక్కు మధ్యలో ఎత్తుగా, గుర్రపుజీను బోర్లించినట్టు ఉంది. అమ్మది చప్పిడి ముక్కు, నాయనమ్మది చిలక ముక్కు, నాన్నది ఎప్పుడూ కళ్లజోడు కిందే. ఆల్బం తీస్తే తన మొదటి ఫొటో అయిదో నెలది. అంతకుముందు ఒక్కటీ లేదు.

"నాయనమ్మా, నేను పుట్టినప్పుడు నువ్వు ఆస్పత్రిలోనే ఉన్నావా?"

"ఎక్కడ? కాలు విరిగి మంచంలో ఉన్నాను. నేను చూసేసరికి నీకు అయిదు నెలలు." నాయనమ్మ మరో చెంచాడు చక్కెర నోట్లో పోసుకుంది. "ఎవరి పోలికా లేదు, ఆస్పత్రిలో మార్చేశారేమో కనుక్కోండర్రా అని అప్పుడే అన్నాను. మీ అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు."

డాక్టరమ్మ ఆల్బం మూసేసింది. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న అమ్మ పక్కకు వెళ్లి నిలబడింది.

"అమ్మా, నా దగ్గర ఏదైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

అమ్మ నిదానంగా కుళాయి కట్టేసింది. "ముందు నువ్వు చెప్పు. ఎన్ని సబ్జెక్టులు పోయాయి?"

"పరీక్షల గొడవ కాదమ్మా! ఈ ఇంట్లో ఎవరో ఏళ్ల తరబడి నిజం దాస్తున్నారు."

అవతల బల్ల దగ్గర నాన్న చేతిలోని పేపరు తలకిందులైంది. అది ఎవరూ గమనించలేదు. డాక్టరమ్మ గదిలోకి పోయి తలుపేసుకుని ప్రొఫెసరుగారికి ఫోన్ చేసింది.

"మేడమ్, చేదు తెలియని ఇద్దరికి చేదు తెలిసిన పిల్ల ఉందండి."

"నిజంగానా?" ఆవిడ గొంతు సంతోషంతో వణికింది. "ఆ నియమం శిలాశాసనమేమీ కాదమ్మా, ఎక్కడో ఒకచోట తప్పుతుంది. అలాంటి కుటుంబం కోసం ఎన్నేళ్లుగానో వెతుకుతున్నాను. కదలకండి, వస్తున్నాను."

అన్నట్టే అరగంటలో స్కూటరు ఆగింది. హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చిన ఆవిడ, "ఏదీ ఆ పిల్ల? మామూలుగా అయితే ఈ తల్లిదండ్రులకు పుట్టడానికి వీల్లేని పిల్ల!" అంది ఉత్సాహంగా.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. అమ్మ ఈల ఊదింది.

"పదహారు గంటలు నొప్పులు పడ్డది నేను," అంది అమ్మ. "పుట్టగానే నా చేతుల్లో పెట్టారు. క్షణం వదల్లేదు. నా పిల్ల కాకపోవడమేమిటి?"

ప్రొఫెసరుగారు తలూపింది. "అయితే తల్లి సంగతి ఖాయం."

ఆ మాటకు మిగిలే అర్థమేమిటో గదిలో ఒక్కొక్కరికీ తట్టింది. నాయనమ్మ చక్కెర డబ్బాకు మూత పెట్టింది. అమ్మ మొహం కందిపోయింది. "ఏమంటున్నారు మీరు?"

"నేననడం లేదమ్మా. కాగితం అంటోంది. నియమం తప్పిందని రాయాలంటే అదీ తేల్చుకోవాలి గదా."

డాక్టరమ్మకు ఇప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. పది మార్కుల రికార్డు కోసం కన్నతల్లిని నడింట్లో దోషిలా నిలబెట్టింది తనే. నోరు తెరవబోయింది. అంతలో నాన్న లేచాడు.

"చేదుగా ఉంది!" అని అరిచాడు.

ఆయన అరవగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఆ కాగితం చేదు! నాలుక ఊడిపోయేంత చేదు!"

"మరి పొద్దున లేదన్నారట?" అంది ప్రొఫెసరుగారు.

"ఎలా ఉందని తను అడిగింది గదండీ," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి అమ్మ వైపు చూపిస్తూ. "తను అడిగితే బాగుందనడం అలవాటు."

అమ్మ చూపు నాన్న మీద నుంచి కడిగి బోర్లించిన గ్లాసుల మీదికి వెళ్లింది. "అంటే... రసం?"

నాన్న నేలచూపులు చూశాడు. "పెళ్లైన మూడో రోజు గ్లాసు చేతికిచ్చి ఎలా ఉందన్నావు. కొత్త పెళ్లికూతురివి. చేదని ఎలా అనను?"

"మర్నాడు అనచ్చుగా!"

"నిన్న బాగుందని ఇవాళ బాలేదంటే ఏం బాగుంటుంది?"

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఏదో పత్రికలో చూసి ఆ ఒక్క రోజుకని చేశానండీ. నాకది గడ్డి నీళ్లు. మీకిష్టమని గదా ఇరవై రెండేళ్లుగా చీకటితో లేచి రుబ్బి చస్తున్నాను!"

"ఇద్దరికీ అక్కర్లేని దానికా పొద్దున్నే ఆ మిక్సీ రొద?" అంది నాయనమ్మ. "నా నిద్ర ఎవరిస్తారే?"

ముందు నవ్వింది అమ్మే. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ వెళ్లి నాన్న భుజం పట్టుకుని, "మరి నా ముక్కు?" అంది బెంగగా. ఆయన కళ్లజోడు తీశాడు. జోడు కింద ఇన్నాళ్లూ దాగిన ఎత్తు, అచ్చం అదే గుర్రపుజీను, బయటపడింది. డాక్టరమ్మ దాన్ని వేలితో తడిమి చూసి గానీ ఊపిరి తీసుకోలేదు.

దిగులుగా ఉన్నది ప్రొఫెసరుగారొక్కరే. చేతికొచ్చిన అరుదైన కుటుంబం కళ్లముందే మామూలు కుటుంబమైపోయింది. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "ఎవర్నైనా విడివిడిగా పరీక్షించాలని చెప్పానా లేదా?" అని శిష్యురాలిని కోప్పడి వెళ్లింది.

సోమవారం మిక్సీ మోగకపోవడంతో ఇల్లంతా ఎనిమిదింటి దాకా నిద్రపోయింది. డాక్టరమ్మ హడావుడిగా నాన్న చదరాన్ని, తన సున్నను నలుపు చేసి, 'జాగ్రత్తలు' అన్నచోట ఒకే వాక్యం రాసింది: 'భార్యాభర్తలను వేర్వేరు గదుల్లో పరీక్షించవలెను.'

వారం తర్వాత రికార్డు తిరిగొచ్చింది. ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో ఉంది: 'పెళ్లయి ఎన్నేళ్లయిందో రాయలేదు. ఒక మార్కు తగ్గించడమైనది.'