పరుపులాయన ఊయల బేరం

ఆ శుక్రవారం ఉదయం పరుపులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం వేళ ఎదురు కొట్లోకి దూరాలి, ఓ హ్యామక్ కొనాలి, యజమాని కంట పడకుండా తిరిగి వచ్చేయాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని పాడు చేసుకోవడానికి చాలా తెలివితేటలు కావాలి. ఆ తెలివితేటలు ఆయనకు పుష్కలంగా ఉన్నాయి.

పరుపుల దుకాణంలో అమ్మకాలన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి "ఇది మీకు పనికిరాదండీ" అన్నాడంటే కొనేవాళ్ళు మారుమాట్లాడేవారు కారు. గుంత పడే పరుపంటే ఆయనకు పామును చూసినట్టే. "వెన్ను తిన్నగా ఉండాలండీ, గుంతలో పడుకున్నవాడు పొద్దున్నకి గుంతలాగే లేస్తాడు" అని రోజూ పాఠం చెప్పేవాడు. ఇంట్లో ఆయన పడుకునేది దుకాణంలోకెల్లా గట్టి పరుపు. అత్తారింటికి వెళ్ళినా ఆ పరుపు బస్సు మీదికి ఎక్కాల్సిందే. "బావ వచ్చాడా, ఇల్లు మారుతున్నాడా?" అని బావమరిది ఎంత ఏడిపించినా ఆయన చలించలేదు.

చిక్కంతా కూతురు చిట్టి బడివాళ్ళు తెచ్చిపెట్టారు. ఏటా పిల్లల్ని ఒక రాత్రి కొండ కింద అడవికి తీసుకెళ్తారు. ఒక్కో పిల్లతో ఇంటి పెద్ద ఒకరు రావాలి. అక్కడ నేలంతా చెమ్మ కాబట్టి చెట్టుకీ చెట్టుకీ మధ్య గుడ్డ ఊయల కట్టుకుని ఆరుబయటే పడుకోవాలి. దాన్నే హ్యామక్ అంటారు. కిందటేడు వస్తానని మాటిచ్చిన పరుపులాయన, తీరా బయల్దేరే వేళకు నడుం పట్టుకుని కూర్చున్నాడు. చిట్టి ఏడవలేదు, అలగనూ లేదు. "పర్లేదులే నాన్నా" అనేసి పక్కింటివాళ్ళతో వెళ్ళిపోయింది. ఏడిస్తే ఓదార్చేవాడు. ఆ "పర్లేదులే"ని ఏం చేయాలో ఆయనకు ఏడాదిగా తెలియలేదు.

"ఈసారి నిజంగా వస్తావా?" బడిసంచీ తగిలించుకుంటూ చిట్టి అడిగింది.

"వస్తానమ్మా, ఒట్టు."

"కిందటేడు కూడా ఒట్టే వేశావు."

"అది వట్టి ఒట్టు. ఇది గట్టి ఒట్టు."

వంటింట్లోంచి భార్య అందుకుంది. "ముందు ఆ ఊయలేదో కొని తెచ్చుకోండి. బస్సు మీద పరుపులూ అవీ ఎక్కించనని డ్రైవరు ముందే చెప్పేశాట్ట."

యజమాని దగ్గర శనివారం సెలవు సంపాదించడానికి పరుపులాయనకు నెల పట్టింది. ఆ యజమానికి ఎదురు కొట్టంటే ఒళ్ళుమంట. కొండలూ అడవులూ తిరిగేవాళ్ళకు సామాన్లమ్మే కొట్టది. అది తెరిచినప్పటి నుంచీ జనం మంచాలు దిగి చెట్లెక్కుతున్నారని ఆయన ఏడుపు. "సెలవిచ్చానంటే ఇచ్చాను. ఇవాళ మాత్రం నాకు కోపం తెప్పించకు" అని పొద్దున్నే హెచ్చరించాడు కూడా.

మధ్యాహ్నం పరుపులాయన తల వంచుకుని వీధి దాటి ఎదురు కొట్లోకి జొరబడ్డాడు. కొట్టు నడిపేది ఒక నెమ్మదైన మనిషి. నడివయసావిడ, మెడలో కొలతల టేపు. నాలుగు రకాల హ్యామక్‌లు తీసి ముందు పెట్టి, "ఎవరికండీ?" అని అడిగింది.

"నాకే. కానీ పడుకుని చూడకుండా తీసుకోను."

"చూడండి, దానికేం? గట్టి స్తంభాలు మాత్రం అదిగో, వీధివైపు అద్దం దగ్గరే ఉన్నాయి."

పరుపులాయన అటు తొంగి చూశాడు. అద్దంలోంచి చూస్తే ఎదురుగా తన దుకాణం, అందులో గల్లాపెట్టె ముందు యజమాని బట్టతల. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. ఆమె ఆకుపచ్చ గుడ్డ ఊయల ఒకటి తీసి రెండు స్తంభాల మధ్య వదులుగా, నడుమ బాగా దిగేలా కట్టింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు ఆయన బిత్తరపోయి. "ఇది గుంత కూడా కాదు, బావి!"

"అది అలాగే ఉండాలి సార్."

"పరుపుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు చెప్పకండి. బిగించండి. ఇంకా బిగించండి."

ఊయల బల్లలా బిగుసుకుంది. పరుపులాయన తృప్తిగా చూసి, అరచేత్తో నొక్కి, పైకెక్కాడు. అది ఒక్క క్షణం ఆలోచించి ఆయన్ని తిరగేసి నేల మీద పడేసింది. లేచి దులుపుకుని, ఎక్కిన తీరు బాగోలేదని తీర్మానించి మళ్ళీ ఎక్కాడు. ఈసారి ఊయల ఆలోచించలేదు కూడా.

"ఒక్కసారి నా మాట వినండి" అంది ఆమె చెయ్యందిస్తూ. "వదులుగా కడదాం. నిలువుగా కాకుండా, ఏటవాలుగా పడుకోండి. తల ఓ మూలకి, కాళ్ళు ఇంకో మూలకి. గుడ్డే చదునుగా పరుచుకుంటుంది, వీపు తిన్నగా నిలుస్తుంది."

"సరే, మీ మాట తప్పని నిరూపించడానికే పడుకుంటున్నాను. పావుగంట దాకా నన్ను కదిలించకండి. పావుగంట దొర్లితే గానీ ఏ పరుపు సంగతీ బయటపడదు."

అక్కడే ఆయన తెలివి పనిచేసింది. యజమాని చూస్తే గుర్తుపడతాడని ముఖం కొట్టు లోపలికి, వీపు వీధివైపుకి తిప్పి పడుకున్నాడు. ఎవరూ గుర్తుపట్టరని నిబ్బరంగా కళ్ళు మూశాడు. అయితే ఆయన ఒంటి మీద ఉన్నది దుకాణంవాళ్ళ చొక్కా. దాని వీపున భుజం నుంచి భుజం దాకా ఎర్రటి అక్షరాలతో "అసలైన నిద్ర మా పరుపు మీదే" అని రాసి ఉంటుంది. ఏటవాలుగా పడుకునేసరికి ఊయల అంచు కిందికి దిగి, ఆ అక్షరాలు వీధిలో పోయేవాళ్ళందరికీ చక్కగా కనబడ్డాయి.

ఆయన మాత్రం ఈ లోకంలో లేడు. తప్పని నిరూపించబోయినవాడు ఒళ్ళెరగని నిద్రలో మునిగిపోయాడు. పావుగంట కదిలించవద్దన్నాడు కదా అని కొట్టావిడ ఆయన్ని వదిలేసింది.

అదే వేళకు పరుపుల దుకాణంలో ఒక జంట ఆయన కోసం ఎదురుచూస్తోంది. భర్తకు గట్టి పరుపు కావాలి, భార్యకు మెత్తటిది. పరుపులాయన ఏది చెబితే అది కొందామని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. "మావాడు భోజనానికి వెళ్ళాడు, ఇప్పుడే వచ్చేస్తాడు" అని యజమాని బల్ల లాగి కూర్చోబెట్టాడు. ఆ భార్య వీధిలోకి చూసి, "భోజనమైపోయినట్టుందండీ, అక్కడ పడుకున్నారు" అంది.

యజమాని ఇంకా కళ్ళద్దాలు వెతుక్కుంటూ ఉండగానే ఆ జంట వీధి దాటేసింది. అద్దం ముందు అప్పటికే నలుగురు చేరారు. పరుపుల దుకాణమూ ఈ కొట్టూ కలిసిపోయాయని ఒకరు తేల్చేశారు. కాదు, పరుపుల దుకాణాన్ని ఈవిడే కొనేసిందని ఇంకొకరు సవరించారు. చిట్టి బడిలో పిల్లల తల్లి ఒకావిడ మాత్రం, మనిషి ఎంతకీ కదలడం లేదని కంగారుపడి పరుపులాయన భార్యకు ఫోన్ చేసింది.

లోపల ఆ జంటలోని భార్య కొట్టావిణ్ణి అడుగుతోంది. "ఇది నడుముకి మంచిదేనంటారా?"

కొట్టావిడ నోరు తెరిచేలోగా ఊయలలోంచి సమాధానం వచ్చింది. "నిశ్చింతగా తీసుకోండమ్మా. పూచీ నాది."

పరుపులాయన కళ్ళు తెరవలేదు. నిద్రలో దుకాణంలోనే ఉన్నాడు పాపం. "తొందరేం లేదు, అటూ ఇటూ దొర్లి చూడండి" అని కూడా అన్నాడు. పరుపులాయన పూచీ అంటే ఊళ్ళో తిరుగులేదు. ఆ జంట చెరొక ఊయల పుచ్చుకుంది. వెనకాల వచ్చినవాళ్ళూ పుచ్చుకున్నారు. మర్నాడు అడవికి వెళ్ళాల్సిన తల్లిదండ్రులు, ఏది కొనాలో తేలక వారం నుంచీ తిరుగుతున్నవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి "ఆయన పడుకున్న రకమే ఇవ్వండి" అన్నారు. చూస్తుండగానే అలమారలన్నీ ఖాళీ అయ్యాయి. ఇక కొట్లో మిగిలింది పరుపులాయన కిందున్న ఊయల ఒక్కటే.

పరుపులాయన భార్య చిట్టిని బడి నుంచి లాక్కుని పరుగున వచ్చింది. అప్పటికి కళ్ళద్దాలు దొరికిన యజమాని కూడా అదే గుమ్మంలోంచి దూసుకొచ్చాడు. తన దుకాణం అమ్ముడుపోయిందన్న సంగతి ఆయన అప్పుడే, వీధి దాటుతూ విన్నాడు.

"లేవయ్యా!"

పరుపులాయన ఉలిక్కిపడి లేచి, అలవాటు కొద్దీ నమస్కారం పెట్టి, "ఏ సైజు కావాలండీ?" అన్నాడు. తర్వాత ముఖం గుర్తుపట్టాడు.

"నా చొక్కా వేసుకుని, నా కొట్టు ఎదురుగా, ఈ గుడ్డలో పడుకుంటావా? రేపు సెలవూ లేదు గిలవూ లేదు. పొద్దున్నే పనిలోకి వచ్చి తీరాలి!"

పరుపులాయన కూతురి వైపు చూశాడు. చిట్టి నేల చూపులు చూస్తూ, "పర్లేదులే నాన్నా" అంది.

ఆ మాటతో ఆయన నిద్రమత్తూ భయమూ ఒక్కసారే దిగిపోయాయి. నిటారుగా నిలబడ్డాడు. "క్షమించండి సార్. రేపు నేను అడవికి వెళ్తున్నాను. తిరిగొచ్చేసరికి నా ఉద్యోగం ఉంటే చేసుకుంటాను, లేకపోతే లేదు."

"ఏమండీ!" అంది భార్య. అంతలోనే చిట్టి ముఖం చూసి, "వెళ్తారండీ, వెళ్తారు" అని యజమానికి ఆవిడే చెప్పింది.

యజమాని కోపం ఊయల మీదికి మళ్ళింది. "ఇందులో ఏముందని? ఇదొక నిద్రేనా?"

"పడుకుని చూడకుండా దేన్నీ కాదనకూడదని నాకు నేర్పింది మీరే కదా సార్" అన్నాడు పరుపులాయన. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే గౌరవంతో అన్నాడు. జనమంతా యజమాని వైపు తిరిగారు. ఆయనకు వేరే దారి లేకపోయింది.

"పడుకుంటాను. పడుకుని దీని బండారం బయటపెడతాను" అంటూ చెప్పులు విడిచి ఎక్కాడు. కొట్టావిడ ఆయన కాళ్ళను మెల్లగా ఓ మూలకి జరిపింది. "వినండి, అందరూ వినండి. మనిషి నడుం అనేది ఒక... దానికి ఆధారం లేకపోతే... అసలు ఈ గుడ్డలో ఉన్న పెద్ద లోపం ఏమిటంటే..."

లోపమేమిటో ఎవరికీ తెలియలేదు. జనం కాసేపు చూసి, గురక మొదలయ్యాక ఇళ్ళకు వెళ్ళిపోయారు. పరుపులాయనే వీధి దాటి వెళ్ళి, మధ్యాహ్నమంతా దుకాణం చూసుకుని వచ్చాడు. భార్యా చిట్టీ స్టూళ్ళ మీద కూర్చుని యజమాని లేచే దాకా కాపలా కాశారు.

ఎండ తగ్గాక యజమాని కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, జనం లేరని రూఢి చేసుకుని, పరుపులాయన్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏమయ్యా, నేను ఇలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా?" అన్నాడు గుసగుసగా. "దీన్ని నీ పేరున కొని, చీకటి పడ్డాక మా పెరటి గుమ్మం దగ్గర పెట్టు. మా ఇంట్లోవాళ్ళకి తెలియకూడదు."

"ఇదొక్కటే మిగిలింది సార్. రేపు నేను పడుకోవాల్సింది ఇందులోనే."

"నీకు ఊయల కావాలా, సెలవు కావాలా?"

"సెలవు" అన్నాడు పరుపులాయన. రెప్ప కూడా వేయలేదు.

మర్నాడు అడవిలో ఆయనకు కూర్చునే తీరిక దొరకలేదు. తల్లిదండ్రులందరూ ఊయలలు బల్లల్లా బిగించి కట్టి, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే పడిపోతున్నారు. ఆయన చెట్టు చెట్టుకూ తిరిగి, "వదలండి, ఇంకా వదలండి, గుంత పడితేనే మంచిది" అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట తన నోటి నుంచి వస్తున్నందుకు ఆయనకు కొంచెం సిగ్గేసింది. అందరూ సర్దుకున్నాక, కొత్త పరుపులకు చుట్టి వచ్చే ప్లాస్టిక్ కవరు ఒకటి చిట్టి ఊయల కింద పరుచుకుని నడుం వాల్చాడు. కింద రాళ్ళూ వేళ్ళూ ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడుందో ఆయన వీపుకు తెలుస్తూనే ఉంది.

"నాన్నా, అక్కడ నీకు నిద్ర పట్టదేమో?" ఊయల అంచు మీంచి తల బయటపెట్టి చిట్టి అడిగింది.

"పట్టకపోతే పోనీలే. నువ్వు చెప్పు, ఆ లెక్కల టీచరు తర్వాత ఏమంది?"

చిట్టి చెప్పింది. లెక్కల టీచరయ్యాక డ్రాయింగు మాస్టారు సంగతి, ఆ తర్వాత స్నేహితురాళ్ళ తగువులు, ఏడాదిగా చెప్పకుండా దాచుకున్నవన్నీ చెప్పింది. పరుపులాయన ఆ రాత్రి కన్ను మూయలేదు. తన జన్మలో అంత హాయైన రాత్రి ఎరగడు.

సోమవారం ఆయన వేళకే వెళ్ళి పరుపుల దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు గానీ, తాళాలున్న యజమాని పెరటి ఊయలలోంచి లేచి వచ్చి దుకాణం తెరిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది.