గిటారు కడుపులో తేదీ

చచ్చిపోయినంత మాత్రాన చెట్టుకి బాధ్యతలు తీరిపోవు. ఈ మహాసత్యాన్ని కనిపెట్టిన ఘనత మా గ్రనడాలోని అరుదైన కలప ప్రయాణ కార్యాలయానిది. రోజ్‌వుడ్ అనే అరుదైన కలపతో చేసిన గిటారు దేశం దాటాలంటే, ఆ చెట్లు కొట్టకూడదన్న చట్టం రాకముందే దాన్ని కొట్టారని నిరూపించాలి. (చెట్టు స్వయంగా హాజరు కానక్కర్లేదు. ఈ సడలింపుకి మేమంతా రుణపడి ఉన్నాం.)

మా వీధి రెమెదియోస్ గారు వాళ్ళ నాన్న గిటారును సముద్రం అవతల తంజియర్‌కి తీసుకెళ్ళాలి. అక్కడ ఆవిడ అక్క మంచం పట్టింది. డాక్టర్లు ఆశ వదిలేశారు. పోయేలోగా నాన్న గిటారు ఒక్కసారి వినిపించవే అని ఫోనులో అడిగిందట. పడవ మీద ఒక్క పూట ప్రయాణం.

అధికారి దొన్ ఎవరిస్తో గారు ఎంత మర్యాదస్తుడంటే, ఆయన్ని మనసారా తిట్టుకోవడానికి కూడా వీలుపడదు. గిటారు లోపల తయారీ తేదీ వేసి అంటించిన చీటీని పురుగులు తినేశాయని విని ఎంతో నొచ్చుకున్నారు. తిన్నట్టు ఏదైనా ఆధారం ఉందా అని అడిగారు.

అప్పుడు ఫెర్మిన్‌కి గుర్తొచ్చింది. మా వీధిలో గిటార్లు చేసేది అతనే, ఈ గిటారు చేసింది అతని తండ్రి. మా ఊరి గిటారు పనివాళ్ళకి ఒక అలవాటుంది. పైపలక అతికించేముందు దాని అడుగున పెన్సిలుతో పేరూ తేదీ రాసి మూసేస్తారు. కొన్నవాడికి కూడా అది కనబడదు. ఫెర్మిన్ గిటారు రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి చూపించాడు. తేదీ నిక్షేపంలా ఉంది, చట్టం కంటే ఎంతో ముందుది.

అద్దంలో అక్షరాలు తిరగబడి ఉన్నాయన్నారు దొన్ ఎవరిస్తో. తిరగబడిన పత్రాలను కార్యాలయం స్వీకరించదు. ఫోటో తీసి సరిచేస్తామంటే, పత్రాన్ని దిద్దడం నేరమని మెత్తగా హెచ్చరించారు.

"విప్పెయ్యరా ఫెర్మిన్. అక్కడ అక్క ఎదురుచూస్తోంది" అంది రెమెదియోస్.

ఫెర్మిన్ కత్తి వేడిచేసి, తండ్రి అతికించిన పలకని అంగుళం అంగుళంగా లేపాడు. పలక తిప్పి తండ్రి చేతిరాత చూసుకుని, పెన్సిలు గీతలు చెరక్కుండా మెల్లగా దుమ్ము ఊదాడు.

మర్నాడు దొన్ ఎవరిస్తో ఆ తేదీ చదివి నిజంగానే సంబరపడ్డారు. ముద్ర కూడా వేశారు. తర్వాత బల్లమీదున్న రెండు ముక్కల వంక చూశారు.

"ఈ అనుమతి గిటారుకమ్మా. ఇదేమో కలప. కలపకి పక్క కిటికీ."

"రేపటికల్లా అతికించేస్తాను సార్" అన్నాడు ఫెర్మిన్.

"అతికిస్తే అది రేపు తయారైన గిటారవుతుంది నాయనా. రేపటి గిటారుకి ఈ కలప వాడకూడదు."

రెమెదియోస్‌కి ఒళ్ళు మండిపోయింది. "మా నాన్న పాట నా నోట్లో ఉంది. అదన్నా తీసుకెళ్ళనిస్తారా, దానికీ ఓ కిటికీ ఉందా?"

"నిరభ్యంతరంగా తీసుకెళ్ళండమ్మా. పాటలకి ఇంకా నిబంధనలేవీ లేవు" అన్నారు దొన్ ఎవరిస్తో. ఒక్క క్షణం ఆగి, ఆ సంగతి కాగితం మీద రాసుకున్నారు.