రెప్పపాటులో కొల్లేరు

తెలుగు సినిమాకి పట్టిన దరిద్రం ఏమిటో నేను కనిపెట్టేశాను. మాటలు! అవి కాస్తా తీసిపారేస్తే దేశం కూడా బాగుపడుతుంది.

నవ్వకండి. ఈమధ్య డీవీడీల మీద కొత్తరకం సినిమాలు వస్తున్నాయి, చూశారా? హీరో లేడు, కథ లేదు, మాట లేదు. మబ్బులు పరుగెడతాయి. పొద్దు పొడిచీ పొడవగానే కుంకిపోతుంది. వెనకాల ఎలక్ట్రానిక్ కీబోర్డు పాత ఫ్రిజ్‌లా ‘ఊఁ...’ అంటూ ఉంటుంది. రోజంతా తీసింది రెప్పపాటులో చూపించేస్తారు. దాన్ని టైమ్‌ల్యాప్స్ అంటారట. మొదటిసారి చూసినప్పుడు నాకు హాయిగా నిద్రపట్టింది. డాక్టరు మాత్రలకు లొంగని నిద్రండీ అది! ఇంతకు మించిన ప్రజాసేవ ఉందా?

ఇంకా లాభాలు చెబుతాను. ఏలూరు బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సు కోసం కాళ్ళు పీక్కుపోయేలా నిలబడుతున్నారా? ఆ సినిమాలో అయితే మీరు సంచీ భుజం మార్చుకునేలోపు బస్సు వచ్చేస్తుంది. సీటు కూడా దొరుకుతుంది! కరెంటు అలా పోయి ఇలా వచ్చేస్తుంది. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు వాటంతటవే లారీ ఎక్కేస్తాయి. మోసేవాళ్ళ రొప్పు వినపడదు. మా ఆవిడ పుష్పలత నన్ను పెట్టే చీవాట్లు కూడా సంగీతమైపోతాయి. స్వర్గమంటే ఇంకేమిటండీ?

అలాంటి భాగ్యం మన కొల్లేరుకీ పట్టింది. వట్లూరు కుర్రాడు హెన్రీ హైదరాబాదులో కెమెరా పని నేర్చుకొచ్చి, ఓ లంక గ్రామంలో మకాం వేసి సినిమా తీశాడు. ఆ ఊరి సూరమ్మ అతనికి చేపల పులుసు వండిపెట్టింది. కెమెరా ముందు కూర్చుని పొద్దుగూకేదాకా ఒకటే మాట చెప్పింది.

“చుట్టూ నీళ్ళేనండి బాబూ, తాగడానికి గుక్కెడు లేవండి. ఊళ్ళో ఒక్క కుళాయి వేయించమని మీ సినిమాలో చెప్పండి.”

మంచినీళ్ళ కోసం ఆమె తెల్లవారుతూనే పడవెక్కి అవతలి గట్టుకు వెళ్తుంది. బిందెలతో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది.

మొన్న ఏలూరులో ఓ హాల్లో ఆ సినిమా వేశారు. సూరమ్మను ముందు వరసలోనే కూర్చోబెట్టారు, మర్యాదకేం తక్కువ లేదు. తెరమీద కొంగలు లేచాయి, మబ్బులు ఉరికాయి. సూరమ్మ బిందెలతో సర్రున వెళ్ళింది, సర్రున వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చప్పట్లే చప్పట్లు! ఆ తర్వాత ఆమె నోరు కదిలింది గాని, ‘ఊఁ...’ తప్ప ఏమీ వినపడలేదు.

“నా మాటలేవి బాబూ?” అంది సూరమ్మ.

“మాటలు పెడితే మూడ్ పాడైపోతుంది పిన్నిగారూ,” అన్నాడు హెన్రీ.

నిజమే కదా! అంత అందం మధ్య దాహం గొడవేమిటి?

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాఫీసరు గారు మైకు అందుకున్నారు. “అద్భుతమండీ! ఈ ఊరివాళ్ళు నీళ్ళకి ఇబ్బంది అంటుంటే నిజమే కాబోలు అనుకున్నాను. ఇప్పుడు కళ్ళారా చూశాం కదా, ఇలా వెళ్ళి అలా తెచ్చేసుకుంటున్నారు! వీళ్ళకి అనుకున్న కుళాయి ఇంకో ఊరికి ఇచ్చేద్దాం.”

హాలంతా మళ్ళీ చప్పట్లు. నేనూ చేతులెత్తాను గాని, సిగ్గేసి దించేసుకున్నాను.

సూరమ్మ లేచి చెంగు సర్దుకుంది.

“ఆయ్, అలాగేనండి. కుళాయి ఆ ఊరికే ఇచ్చేయండి, పాపం. మాకు మాత్రం మనిషిని అంత జోరుగా నడిపించే ఆ మిషను ఇప్పించండి బాబూ. పొద్దున్నే నీళ్ళకెళ్ళాలి.”