కొలతకు మనిషే రావలెను

ఆ రోజు పొద్దున్నే అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, బలానికి మాత్రలు రాయించాలి, ఎండెక్కకముందే ఇంటికొచ్చి పడాలి. చిన్న మనవడికి రెండేళ్ళు నిండాయి కనుక ఇక మనవరాలు పుట్టే వేళయిందని ఆవిడ లెక్క. ఆ సంగతి కొడుక్కి చెప్పింది, పక్కింటావిడకి చెప్పింది, పాలవాడికి కూడా చెప్పింది. కోడలికి చెప్పాలని మాత్రం తోచలేదు.

కోడలికీ ఒక పథకం ఉంది. అది ఇంకా చిన్నది, మళ్ళీ కడుపు రాకుండా చూడమనే మూడే మాటలు. "నాకు లూపు వెయ్యండి." రెండో కాన్పులో నెత్తురు పోయి నాలుగు రోజులు లోకం తెలియకుండా పడి ఉన్న మనిషి ఆమె. మళ్ళీ ఆ మంచం ఎక్కితే దిగుతానో లేదో అన్న భయం ఇంకా వదల్లేదు. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఆ మూడు మాటలనూ మూడు నెలలుగా వల్లె వేస్తోంది. ఇదివరకు రెండుసార్లు ఆస్పత్రికి వచ్చింది. రెండుసార్లూ డాక్టరమ్మ "ఏమ్మా, ఏమిటి ఇబ్బంది?" అని అడగడం, పక్కనుంచి అత్తగారు "ఏముందమ్మా, నీరసం" అనడం, ఇద్దరూ మందుల చీటీతో బయటపడడం జరిగిపోయింది.

మూడోసారి డాక్టరమ్మ కంటే ముందు నర్సు పిలిచింది. చేతిలో అట్ట, అట్టకు గుచ్చిన కాగితం.

"పిల్లల్ని కనే విషయంలో ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఎంతుందో కొలుస్తున్నామమ్మా. పది ప్రశ్నలు, ఒక్కోదానికి పది మార్కులు. పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

అత్తగారి చెవిన పడింది 'కొలుస్తున్నాం' ఒక్కటే. "అయ్యో, పరగడుపున రావాలా? పొద్దున టీ తాగేసిందే!"

"పరగడుపు అక్కర్లేదు. మాట్లాడితే చాలు."

"అయితే కొలువు. బయటికెందుకు, నేనేమైనా పరాయిదాన్నా? దాని సంగతి దానికంటే నాకే బాగా తెలుసు."

నర్సు నిట్టూర్చి మొదలుపెట్టింది. "ఎంతమంది పిల్లలు కావాలని మీకుంది?"

"ముగ్గురు" అంది అత్తగారు.

"మళ్ళీ ఎప్పుడు కావాలని?"

"ఈ ఏడే."

"వద్దనుకుంటే ఆ మాట ఇంట్లో చెప్పగలరా?"

"నిక్షేపంగా చెబుతుంది! మా ఇంట్లో ఎవరి నోరూ ఎవరూ కట్టెయ్యరు" అంటూ అత్తగారు, ఏదో అనబోయిన కోడలివైపు తిరిగి, "నువ్వుండవే, నేను చెబుతున్నాగా" అంది.

కోడలు మధ్యలో రెండుసార్లు తల అడ్డంగా ఊపింది. ఆ రెండు ఊపులకీ నర్సు ఆరేసి మార్కులు వేసింది. మిగతావన్నీ సున్నాలు. "పన్నెండు" అంది.

అత్తగారి మొహం వెలిగిపోయింది. పోయిన నెల రక్తం పరీక్షలో కోడలికి పన్నెండు వస్తే డాక్టరమ్మ ఎంతో మెచ్చుకుంది. ఆ సంతోషం పట్టలేక ఆవిడ వరండాలోకి వెళ్ళి, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడతో "మా కోడలికి పన్నెండొచ్చింది వదినా" అంది.

"మా కోడలికి ఎనభై" అందావిడ.

"ఎనభయ్యా! అంతుంటే తలకెక్కదూ?"

"ఎందుకెక్కుతుంది? వందకి కదా కొలిచేది."

వంద అనేసరికి అత్తగారి సంతోషం ఎగిరిపోయింది. వెంటనే కొడుక్కి ఫోను చేసింది. "ఒరేయ్, నీ పెళ్ళానికి స్వేచ్ఛ పడిపోయిందిరా! వందకి పన్నెండే ఉందిట! ఉన్నపళాన రా!"

కొడుకు దర్జీ. కత్తిరిస్తున్న గుడ్డ అలాగే వదిలేసి, మెడలో టేపుతో, కాలరుకి గుచ్చిన గుండుసూదులతో పరుగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర కాపలాదారు అడ్డం వస్తే "తప్పుకోండి, లోపల స్వేచ్ఛ పడిపోయింది!" అని అరిచాడు.

కాపలాదారు మంచివాడు. ఆయన మేనకోడలి పేరు కూడా స్వేచ్ఛే. ఎవరో పసిపిల్ల పడిపోయిందనుకుని ఈల ఊదాడు. ఆ ఈలకి ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తోసుకుంటూ వరండాలోకి వచ్చి "పడిపోయింది ఎవరు?" అని కేకవేశారు.

"ఇదిగో, ఈ అమ్మాయే" అని అత్తగారు తన వెనకే వచ్చి నిలబడ్డ కోడల్ని చూపించింది.

"నాకేం కాలేదండీ" అంది కోడలు.

"మాట్లాడకమ్మా, నీరసం" అన్నారు వాళ్ళు, ఆమెను ఎత్తి పడుకోబెడుతూ.

"నేను బాగానే..."

"మాట్లాడకు, ఇంకా పడిపోతుంది!" అన్నాడు భర్త. కోడలు కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఆ మూడు మాటలూ చెప్పినా వినేవాళ్ళు లేరని ఆమెకు అర్థమైంది.

గోలకి నర్సు బయటికొచ్చింది. దర్జీ చేతులు జోడించాడు. "మేడమ్, ఎక్కించాల్సి వస్తే నాది తీసి ఎక్కించండి. నాకు బోలెడుంది."

"అది తెలుస్తూనే ఉంది" అంది నర్సు. అతని మెడలో టేపు చూసి అడిగింది. "ఎవరో ఒకావిడ వచ్చి, మా కోడలికి జాకెట్టు కుట్టు, కొలతలు నేను నోటితో చెబుతాను అంటే కుడతారా?"

"ఎలా కుడతాను మేడమ్? షాపులో బోర్డు కూడా పెట్టాను. 'కొలతకు మనిషే రావలెను. నోటిమాట కొలతలకు పూచీ లేదు.' అలా కుట్టినవి ఒక్కటీ సరిపోవు. ఒకచోట బిగుసుకుపోతుంది, ఇంకోచోట..."

అక్కడ ఆగిపోయాడు. స్ట్రెచర్ మీదున్న భార్యను చూశాడు. ముందు "దిగు" అన్నాడు. తర్వాత ఎందుకో "దిగుతావా?" అని అడిగాడు.

కోడలు దిగింది. ఒక్కతే లోపలికి వెళ్ళింది. నర్సు తలుపు దగ్గరగా వేసి మొదటి ప్రశ్న మళ్ళీ అడిగింది. కోడలు అలవాటు కొద్దీ జవాబు కోసం పక్కకి చూసింది. పక్కన ఖాళీ స్టూలు ఉంది. నర్సు తొందరపెట్టలేదు, కలం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇద్దరు చాలు" అంది కోడలు చివరికి. "నాకు లూపు వెయ్యండి." మూడు నెలలు వల్లె వేసిన మాటలు బయటికి రావడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

డాక్టరమ్మ గది నుంచి ఆమె తిరిగి వచ్చేసరికి గంట గడిచింది. "లూపు వేయించుకున్నాను" అని ఇద్దరికీ వినపడేలా చెప్పింది. దర్జీ మెడలోని టేపు తీసి చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అత్తగారు అరవడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి నర్సు "తొంభై" అంది. బెంచీ మీది ఎనభై ఆవిడ తల తిప్పి చూసింది. తెరిచిన నోటితో ఏదో ఒకటి అనక తప్పదు కనుక అత్తగారు "తొంభై! విన్నారా వదినా?" అంది. తర్వాత గొంతు తగ్గించి నర్సుని అడిగింది. "ఆ పదీ ఎక్కడ పోయాయమ్మా?"

"పదో ప్రశ్న, ఎవరి అడ్డూ లేకుండా తనే చెప్పిందా అని. తలుపు సందులో మీ చెవి ఉందిగా పెద్దమ్మా!"

ముగ్గురూ గేటు దాకా వెళ్ళారు. అక్కడ అత్తగారు ఆగి, వెనక్కి వచ్చి, నర్సు ముందున్న ఖాళీ స్టూలు మీద కూర్చుంది. "నాకూ ఒకసారి చూడు."

"మీకా?"

"ఏం, నాకుండదా?"

నర్సు కొత్త కాగితం గుచ్చింది. "మొదటి బిడ్డ ఎప్పుడు కావాలనుకున్నారు పెద్దమ్మా?"

"అనుకోవడమా?" అని ఆవిడ కొంగు అంచు నలిపింది. "ఐదు కాన్పులమ్మా. ఇద్దరు దక్కారు. వద్దని ఒకసారి మా అత్తగారితో అందామని వంటింటి గడప దాకా వెళ్ళాను. ఆవిడ చేట పక్కన పెట్టి ఏమిటన్నట్టు చూసింది. ఉప్పుందా అని అడిగి వచ్చేశాను."

నర్సు మిగతా ప్రశ్నలూ అడుగుతూ, మెల్లగా ఒకదాని కింద ఒకటి తొమ్మిది సున్నాలు పెట్టింది. ఇంతలో కొడుకు గుమ్మంలోంచి తొంగిచూసి "మా అమ్మకేం తక్కువ మేడమ్, ఇంట్లో అంతా ఆవిడ ఇష్టమే..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ తల తిప్పలేదు. "ఒరేయ్, కొలత నాది. నువ్వెళ్ళి బయట కూర్చో. తలుపు వేసి వెళ్ళు."

నర్సు పదో ప్రశ్నకి పదికి పది వేసింది. మొత్తం కూడినా వచ్చింది అంతే.