రెండు వందలవ పిట్ట

డిసెంబరు ముప్పై ఒకటి ఉదయం ఏడింటికి, డుంబ్రిగుడ దాటాక ఓ కొండ ఊరి చివర కారాపి, దేవీప్రసాద్ మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి బిగించాడు. విశాఖపట్నంలో రిటైరైన లెక్కల మాస్టారాయన. ఈ ఏడాదిలో రెండు వందల రకాల పిట్టల్ని చూసి తీరతానని జనవరిలో పదిమంది ఎదుట గొప్పగా చెప్పేశాడు. నూట తొంభై తొమ్మిదయ్యాయి. ఇక చూడాల్సింది చలికాలంలో హిమాలయాల నుంచి దిగివచ్చే వర్డిటర్ ఫ్లైక్యాచర్ అనే నీలం పిట్ట. సాయంత్రంలోగా కళ్ళారా చూడకపోతే పరువు గంగలో కలుస్తుంది. అందుకే పిట్టలంటే బొత్తిగా పట్టని భార్య సత్యకుమారిని కూడా చలిలో లేపి లాక్కొచ్చాడు.

"మీరు పిట్టల్ని చూడండి, నేను ఫ్లాస్కు చూసుకుంటాను," అందావిడ.

ముంగిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తున్న రత్న ఆ మూడుకాళ్ళ మిషను చూసి కొయ్యబారిపోయింది. కిందటేడు ఇలాంటిదే పెట్టి "ఊరికే సీనరీ చూస్తున్నాం" అన్నవాళ్ళు సర్వే చేసుకెళ్ళిన నెలకే, డ్యాం కడతారని, పక్క ఊరు లేచిపోవాలని కబురొచ్చింది మరి.

"ఏటి సూత్తన్నారు బాబూ?"

"ష్! మెల్లగా. ఎవరికీ చెప్పకు. బయటికి పొక్కిందా, రేపీపాటికి ఇక్కడ వంద కార్లు దిగుతాయి."

ఆయన అటు చూసి, ఇటు చూసి, కొమ్మల్లోని వలస ఎర్రపిట్టల్ని లెక్కపెట్టి, "పద్నాలుగు" అని పైకంటూ పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఊళ్ళో ఇళ్ళు సరిగ్గా పద్నాలుగు.

రత్న ముఖం పాలిపోవడం చూసి సత్యకుమారికి జాలేసింది. "భయపడకమ్మా, ఊరికే లెక్క రాసుకుంటారంతే. వేసవికల్లా ఎలాగూ ఇక్కడ ఒక్కటీ మిగలదు."

రత్న పెట్టిన కేకకు ఊరు ఊరంతా వచ్చి చుట్టుముట్టింది. ముందు వార్డు మెంబరు మంగ్లు.

"నేను విశాఖపట్నం నుంచి పిట్టల కోసం వచ్చానయ్యా!" అన్నాడు దేవీప్రసాద్.

"ఇశాపట్నంలో పిట్టల్లేవేటి, ఇంత దూరం రాడానికి?" అన్నాడు మంగ్లు.

ఇదే ప్రశ్న సత్యకుమారి కూడా ఏడాదిగా అడుగుతోంది. కనక ఆవిడ నుంచి ఏ సాయమూ అందలేదు.

తహసీల్దారు వచ్చేదాకా కదలడానికి వీల్లేదన్నారు. ఈలోగా దేన్నీ కొలవకుండా మాస్టారిని గోడకేసి తిప్పి కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని గోడవైపు నిలబెట్టిన మనిషి ఇప్పుడు తానే చేతులు కట్టుకు కూర్చున్నాడు. దుర్భిణికి తువ్వాలు చుట్టి వాకిట్లో ఉంచారు. సత్యకుమారికి మాత్రం మంచం వాల్చి కాఫీ ఇచ్చారు.

పది నిమిషాలకు గోల ఉన్నట్టుండి ఆగింది.

"ఏమండీ," అంది సత్యకుమారి. "మీ స్టాండు మీద ఏదో పిట్ట వాలింది. ఒళ్ళంతా నీలం, కంటి ముందు నల్లగా..."

"అదే! అదే!" దేవీప్రసాద్ లేవబోయాడు.

"తిరగొద్దు! గోడ సూడు!" మంగ్లు రెండు భుజాలూ నొక్కిపట్టాడు.

"ఒక్కసారయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఆ పెనుగులాటకు పిట్ట కాస్తా ఎగిరిపోయింది. తిరిగి చూసేసరికి ఉత్త తువ్వాలు. దేవీప్రసాద్ గోడకు తల ఆనించి బావురుమన్నాడు.

"సర్వేవోడైతే పిట్ట కోసం ఏడుత్తాడేటి?" అంది రత్న.

మంగ్లు సిగ్గుపడిపోయాడు. "బేగి లెగండి బాబూ, మేమే ఎతికి సూపిత్తాం."

పద్నాలుగిళ్ళవాళ్ళూ ఈలలు వేస్తూ, పొదలన్నీ దులుపుతూ సాయంత్రందాకా వెతికారు. ఆ సందడికి కొండమీద కాకి కూడా నిలవలేదు. చూస్తుండగానే పొద్దు గుంకింది.

కారెక్కాక సత్యకుమారి ఆయన పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన తన పేరు రాసి, కింద ఒకటి అని అంకె వేసింది.

"ఏమండీ, ఆ నీలం పిట్ట పేరేంటన్నారు?"

ఇల్లు ఇంకా నూట ఇరవై కిలోమీటర్లుంది. కారులో ఉన్నది ఇద్దరే. దేవీప్రసాద్ చెప్పాడు.