ఆరు గంటల రోగి

అరమాత్ర డాక్టరుగారి ఆనాటి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇంట్లో బయల్దేరాలి. ఎనిమిదిన్నరకు సభాభవనం చేరాలి. సంతకం పెట్టి, మెడలో బ్యాడ్జీ వేసుకుని, వెనక వరసలో గోడవారగా ఒక కుర్చీ చూసుకుని, ఉపన్యాసం మొదలవగానే కళ్లు మూసుకోవాలి. ఏళ్ల తరబడి ఆయన కొత్త వైద్యవిజ్ఞానం ఇలాగే సంపాదిస్తున్నాడు. ఇంతవరకు ఏ ఉపన్యాసమూ ఆయన నిద్రకు అడ్డు రాలేదు.

అరమాత్ర అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. జలుబు దగ్గర్నుంచి నడుంనొప్పి దాకా ఏ బాధతో ఎవరొచ్చినా "అరమాత్రతో పోతుందిలే, కంగారు పడకు" అని పంపడం ఆయన అలవాటు. చిత్రమేమిటంటే చాలావరకు పోయేది కూడా. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ వీధిలో ఆయన బోర్డు వేలాడుతోంది. అయితే ఆ బోర్డు అలా వేలాడాలంటే ఐదేళ్లకోసారి ముప్ఫై గంటల పాఠాలు విన్నట్టు కాగితాలు చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆయన దగ్గర ఇరవై నాలుగు గంటలే ఉన్నాయి. గడువు మర్నాటి సాయంత్రంతో సరి. ఇవాళ్టి క్లాసు సరిగ్గా ఆరు గంటలు. ఇది తప్పితే బోర్డు దించాల్సిందే. దించిన బోర్డు మళ్లీ ఎక్కడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆ ఆఫీసువాళ్లకే తెలియదు.

"ఏమండీ, ఆ నీలం చొక్కా నలిగిపోయి ఉంది. మార్చుకోండి" అంది భార్య.

"వెనక వరసలో కూర్చునేవాడి చొక్కా ఎవరు చూస్తారే" అన్నాడాయన, పాత సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుంటూ.

"నెల్రోజుల నుంచి పొద్దున్నే తలనొప్పంటున్నారు. అక్కడ అంతా డాక్టర్లే కదా, ఎవరికైనా చూపించుకోండి."

"అరమాత్ర వేసుకున్నాలే."

గేటు దగ్గర మోచేతి నొప్పితో ఒకావిడ పట్టుకుంది. ఆవిడ వెనకే దగ్గుతో ఆవిడ మరిది, మరిది వెనకే ఊరికే తోడొచ్చి, వచ్చాను కదా అని నాలుక చాపిన ఇంకొకాయన. వాళ్లను తెమిల్చి ఆయన భవనం చేరేసరికి తొమ్మిదీ పావు. ముందు తలుపు మూసి ఉంది. దాని మీద కాగితం: తొమ్మిది దాటాక వచ్చినవారికి గంటలు ఇవ్వబడవు. ఆయన గుండెల్లో రాయి పడింది. అటూ ఇటూ చూస్తే భవనం పక్కన చిన్న తలుపొకటి ఓరగా తెరిచి కనిపించింది. దొంగలా చప్పుడు చేయకుండా అటు నడిచాడు.

ఆ తలుపు దగ్గర చేతిలో కాగితంతో నిర్వాహకురాలు నిలబడి ఉంది. ఈయన్ని ఎగాదిగా చూసి, కాగితం చూసి, మళ్లీ ఈయన్ని చూసింది. ఇలాంటి క్లాసుల్లో డాక్టర్లు సాధన చేయడానికి రోగిగా నటించే మనిషినొకణ్ణి కుదుర్చుకుంటారు. ఆవిడ చేతిలో ఉన్నవి ఆ మనిషి గుర్తులు: అరవై ఏళ్లుంటాయి, నలిగిన చొక్కాతో, పాత రిపోర్టుల ఫైలుతో తొమ్మిదీ పావుకు పక్క తలుపు దగ్గరకు వస్తాడు. ఆవిడని మాత్రం ఏమనగలం?

"హమ్మయ్య, వచ్చారా. మీకోసమే చూస్తున్నాం, రండి రండి" అందావిడ.

"నా కోసమా?"

"మీరు లేకపోతే పొద్దుటి క్లాసే లేదు కదండీ."

ఇరవై ఎనిమిదేళ్లలో జలుబు చేసినవాళ్లు తప్ప తన కోసం ఎవరూ అంతగా ఎదురుచూసిన గుర్తు లేదు డాక్టరుగారికి. ఆలస్యం చేసినందుకు చివాట్లు పెడతారనుకుంటే ఈ మర్యాద ఏమిటి? అనుభవం ఉన్న డాక్టరని వేదిక మీద మాట్లాడమంటారేమో. అదే అయివుంటుంది. ఎక్కడో ఒకచోట గుర్తింపు రాకపోతుందా అనుకుని తల దువ్వుకున్నాడు.

"ఏం మాట్లాడాలమ్మా?"

"మీకు నేను చెప్పాలా? మీరు మీలాగే ఉండండి. మేడంగారు ఏం చెప్పినా వెంటనే ఒప్పేసుకోకండి. కాస్త వాదించండి."

వాదనంటే ఆయనకు మహా సరదా. ఛాతీ విరుచుకుని తెర పక్కనుంచి వేదిక మీదికి నడిచాడు. ఎదురుగా నూట ఇరవై మంది డాక్టర్లు. వేదిక మీద రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, దాని మీద బీపీ మిషను. మైకు పట్టుకున్న ప్రొఫెసరమ్మ ఆయన కూతురి వయసుది. నవ్వుతూ ఆయన్ని కూర్చోబెట్టి, సభ వైపు తిరిగింది.

"ఈ రోజుల్లో మన ఫ్యామిలీ డాక్టర్లందరికీ ఎదురవుతున్న సమస్య, తనకే అన్నీ తెలుసనుకునే పేషెంటు. తన మందు తనే రాసుకుంటాడు. మన మాట వినడు. అలాంటాయనతో ఎలా మాట్లాడాలో ఇప్పుడు చూద్దాం." ఆయన వైపు తిరిగింది. "చెప్పండి బాబాయిగారూ, ఏమిటి బాధ?"

డాక్టరుగారికి విషయం అప్పుడు తలకెక్కింది.

"ఎక్కడో పొరపాటు జరిగిందమ్మా. నాకే బాధా లేదు. నేను డాక్టర్ని."

సభ గొల్లుమంది. ముందు వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పాపం, కుదుర్చుకున్న రోగికి ఇచ్చిన పాత్రే అది. తాను డాక్టర్నని పట్టుబట్టే పేషెంటు.

"చూశారా? సాధారణంగా ఇలాగే మొదలవుతుంది" అంది ప్రొఫెసరమ్మ సభతో. "ఇక్కడ మనం కోప్పడకూడదు. బాబాయిగారూ, మీకు చాలా విషయాలు తెలుసని అర్థమవుతోంది. మందులేమైనా వాడుతున్నారా?"

"అది కాదమ్మా, నిజంగానే డాక్టర్ని. ఇరవై ఎనిమిదేళ్ల ప్రాక్టీసు."

"ఇరవై ఎనిమిదేళ్లట" అని ఎవరో అంటే మళ్లీ నవ్వులు.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆయన పరిస్థితి. కొట్టుకున్నకొద్దీ లోపలికే పోతున్నాడు. లేచి పోదామంటే ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "పారిపోవాలని చూడటం రెండో లక్షణం" అని రాసుకోమంది. నూట ఇరవై మందీ రాసుకున్నారు. సభలో తెలిసిన మొహం కోసం వెతికితే నాలుగో వరసలో కాలేజీ నాటి మిత్రుడు కనిపించాడు. ప్రాణం లేచొచ్చి, "ఒరేయ్, నువ్వయినా చెప్పరా" అని చేతులూపాడు. మిత్రుడు లేచి నిలబడి, "అదరగొడుతున్నావురా, కానియ్" అని ఈలవేసి కూర్చున్నాడు.

ఆ తర్వాత పదేసి మంది చొప్పున డాక్టర్లు వేదికెక్కి ఆయన మీద సాధన చేశారు. ఒకాయన ఉప్పు మానమన్నాడు. ఒకామె ఉప్పు సంగతి తర్వాత, ముందు కోపం మానమంది. తెల్లవారుజామున నడవమని ఒకరు, ఆ వేళ చలిలో నడిస్తే ప్రమాదమని ఇంకొకరు. అందరూ ఆయన్ని చూస్తూ మాట్లాడుతున్నామనుకుంటూ చేతిలో కాగితాన్ని చూస్తూ మాట్లాడారు. ఇన్నేళ్లూ తాను చేస్తున్నదీ ఇదే కాబోలని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఆయనకేమీ నచ్చలేదు.

చివరికి ప్రొఫెసరమ్మ కాగితం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"బాబాయిగారూ, ఇదంతా వదిలేయండి. రాత్రి నిద్ర పడుతోందా?"

అప్పటికి మూడు గంటలుగా నిజం చెబితే నవ్వుతున్నారు. ఇంకొక నిజం చెబితే పోయేదేముందనిపించింది.

"పట్టడం లేదమ్మా. పొద్దున్నే తలనొప్పి. నెల దాటింది. బీపీ అయివుంటుందని నాకు తెలుసు. మిషను నా బల్ల మీదే ఉంటుంది. చూసుకోలేదు."

"ఎందుకు?"

"భయమేసింది. రోజూ యాభై మందికి భయం లేదని చెప్పేవాణ్ణి కదా, నాకే భయమేస్తే ఎవరితో చెప్పుకోను? ఇంట్లో చెబితే ఆవిడ కంగారు పడుతుంది."

ఆయన కళ్లు చెమర్చాయి. తర్వాత నూట ఇరవై మందీ ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత సహజమైన నటన ఎన్నడూ చూడలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆయనకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకో గుండె కొంచెం తేలికపడింది కూడా.

చప్పట్ల మధ్యే ఆవిడ ఆయన చేతికి పట్టీ చుట్టింది. మిషను చూసి కనుబొమలు ముడిచింది. "మీ పాత్రకు నూట యాభై అని రాసుకున్నాం. ఇక్కడ నూట డెబ్బై ఆరుంది" అంది మైకు పక్కకు పెట్టి. ఇంకో చేతికి చుట్టింది. అదీ అంతే. "నటన సంగతి తర్వాత. మీరెక్కడికీ కదలొద్దు" అని, ఆయన్ని వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టి, గంటకోసారి తనే వచ్చి చూసింది. మాత్ర ఇచ్చింది. అరమాత్ర చాలన్నాడాయన. చాలదందావిడ. సభలో మధ్యాహ్నం క్లాసు జరిగిపోతోంది. సంతకం పెట్టివస్తానని ఆయన లేవబోతే కాపలా ఉన్న నర్సు, "పేషెంట్లకు సంతకాలుండవండీ" అని మళ్లీ పడుకోబెట్టింది. ఆయన కళ్ల ముందు బోర్డుకు ఒక్కో మేకూ ఊడుతోంది.

నాలుగింటికి ఆయన్ని వదిలారు. బయటికి వచ్చేసరికి వేదిక మీద సర్టిఫికెట్లు ఇస్తున్నారు. చివరి పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది మార్కులతో అందరికన్నా ముందున్నవారు అంటూ మైకులో ఒక పేరు చదివారు. అది అచ్చంగా ఈయన పేరే. ఈయన తెర పక్కనుంచి రెండడుగులు వేసేలోపు, ముందు వరసలోంచి నలిగిన చొక్కా మనిషొకడు లేచి, మెడలో ఈయన బ్యాడ్జీతో వేదికెక్కి, సర్టిఫికెట్ పుచ్చుకుని, సభకు నమస్కారం పెట్టాడు.

అతను కిందికి దిగగానే డాక్టరుగారు చెయ్యి పట్టి తెర వెనక్కు లాగాడు.

"ఎవరయ్యా నువ్వు? ఆ పేరు నాది."

"ముప్ఫై రెండేళ్లు బస్సు కండక్టర్నండీ. రిటైరయ్యాక ఇలా పేషెంటుగా వేస్తుంటాను. ఎక్కడికైనా ముందే వెళ్లడం నాకలవాటు. పక్క తలుపు అప్పటికి తియ్యలేదు, ముందు తలుపులో వచ్చాను. బల్ల మీద ఒక్క బ్యాడ్జీ మిగిలుంటే నా మెడలో వేశారు. నా పాత్రేమో డాక్టర్నని చెప్పుకునే పేషెంటు. ఆహా, ఎంత పకడ్బందీగా చేశారు అనుకున్నాను. ముందు మిమ్మల్ని పిలిచారు, నా వంతు తర్వాతేమోనని పొద్దుట్నుంచీ డాక్టర్లాగే కూర్చున్నాను. పేపరిస్తే రాశాను."

"పద్దెనిమిది ఎలా వచ్చాయి?"

"పదకొండేళ్లుగా ఇదే పనండీ. అన్ని రోగాలూ వేశాను. వీళ్లు అడిగేవీ అవే, చెప్పేవీ అవే. అయినా మీరు భలే చేశారండీ. నావల్ల అయ్యేది కాదు." సర్టిఫికెట్ ఈయన చేతిలో పెట్టాడు. "పేరు మీదే కదా, మీరే ఉంచుకోండి. నేనెవరికీ చెప్పను."

కాగితం చేతిలో ఉంది. ఆరు గంటలు, పద్దెనిమిది మార్కులు, తన పేరు, ముద్ర. జేబులో పెట్టుకుని నడిచిపోతే అడిగే నాథుడు లేడు. ఇరవై ఎనిమిదేళ్ల బోర్డు నిలుస్తుంది. పొద్దుట్నుంచీ నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు; ఇప్పుడొక్క అబద్ధం ఆడితే లోకమంతా నమ్ముతుంది. డాక్టరుగారు ఆ కాగితాన్ని రెండుసార్లు మడిచాడు, రెండుసార్లు విప్పాడు. చివరికి ఉసూరుమంటూ ప్రొఫెసరమ్మ గదికి నడిచాడు.

"అమ్మా, నేను డాక్టర్ని."

"క్లాసు అయిపోయింది బాబాయిగారూ, ఇక చాలు" అని నవ్విందావిడ. ఆయన ఫైలు తెరిచి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఒక కాగితం చూసింది, రెండు చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సీనియర్ డాక్టర్ని పట్టుకుని నూట ఇరవై మంది ముందు బాబాయిగారూ అని, పారిపోతుంటే లాగి కూర్చోబెట్టి, మంచం మీద కాపలా పెట్టిన సంగతి ఆవిడకు వరసగా గుర్తొస్తోంది.

"సార్" అంది లేచి నిలబడి.

"ఈ సర్టిఫికెట్ నాది కాదమ్మా. అసలు నేను ఒక్క క్లాసులోనూ కూర్చోలేదు. గడువు రేపటితో సరి. నియమం ఏమంటే అలాగే కానియ్యి."

ఆవిడ ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. నియమాల పుస్తకం తీసి, ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ తిరగేసింది. ఒకచోట వేలు ఆగింది. వేదిక మీద పాఠం చెప్పే డాక్టర్లకు ప్రతి గంటనూ రెండు గంటలుగా లెక్కించవచ్చు. ఈయన వేదిక మీద కూర్చున్నది మూడు గంటలు.

"నేనేం పాఠం చెప్పానమ్మా?"

"మాకు పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు సార్. ఇవాళ విన్నట్టు మేమెవరి మాటా వినలేదు" అందావిడ. ఆవిడ నవ్వడం లేదు. "పరీక్ష మాత్రం రాయాలి. అది నేను మాఫీ చేయలేను."

ఆ గదిలోనే, ఆవిడ ఎదురుగానే రాశాడు. పది వస్తే పాసు. పదకొండొచ్చాయి. వెంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు ఆ సంఖ్య విని, పెద్దమనిషి నొచ్చుకుంటాడేమోనని కిటికీలోంచి బయటికి చూశాడు.

బోర్డు నిలిచింది. రెన్యువల్ కాగితం గోడకెక్కింది. బీపీ నూట ముప్ఫైకి దిగింది. ఇంటికెళ్లిన ఆ సాయంత్రమే భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ కంగారు పడింది, తర్వాత తిట్టింది, తర్వాత రోజూ వెంట నడవడం మొదలుపెట్టింది. క్లినిక్కులో కూడా ఒక మార్పొచ్చింది. రోగి చెబుతుంటే ఆయన పెన్ను కింద పెట్టి వింటున్నాడు. దానితో ఒక్కొక్కరూ అరగంట చెబుతున్నారు. మధ్యాహ్నం రెండింటికి గానీ భోజనం దొరకడం లేదు. అయినా ఆయన గట్టిగా విసుక్కోవడం లేదు.

మరుసటి ఏడాది క్లాసులకు రెండు ఆహ్వానాలు వెళ్లాయి. పాఠం చెప్పడానికి కండక్టరుగారికి, రోగిగా కూర్చోవడానికి డాక్టరుగారికి. చిన్నతనమనుకుని మానేస్తాడేమోనని మిత్రుడు నచ్చజెప్పడానికి వచ్చాడు గానీ, డాక్టరుగారు అప్పటికే సరేనని రాసి పంపేశాడు. రోగులకు ప్రశ్నపత్రం ఇవ్వరు.