తాళం వేసిన ఊరు

ఆదివారం పొద్దున ఆరింటికే శ్రీవాణి తలస్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, కర్పూరం డబ్బా సంచిలో వేసుకుంది. అది చూడగానే ఇది మామూలు షికారు కాదని భర్త భిక్షపతికి అర్థమైంది.

"చింతలగట్టుకు పోదాం. అక్క ఇంటికి," అంది.

"ఫోన్ జేసి చెప్పినవా?"

"చెప్తే ఇంట్ల ఉంటదా? చెప్పకుండనే పోవాలె. ఆమె ముంగట కర్పూరం ముట్టించి, అరచేత్తో ఆర్పి, నీ కమ్మలు నేను తియ్యలేదని ప్రమాణం జేస్త. నమ్మితే సరే. లేకుంటే ఇగ నాకు అక్క లేదనుకుంట."

మూడేళ్ళ కింద అక్క మమత గృహప్రవేశంలో ఆమె బంగారు కమ్మలు మాయమయ్యాయి. శ్రీవాణిని ఎవరూ దొంగ అనలేదు. కాకపోతే ఆమె వచ్చినప్పుడల్లా మమత బీరువాకు తాళం వేసేది. అన్న మాటకైతే జవాబు చెప్పవచ్చు. అనని మాటకు ఏం చెబుతారు? శ్రీవాణి పోవడమే మానేసింది.

మహబూబ్‌నగర్‌లో బయలుదేరిన మోటారు సైకిల్ జడ్చర్ల, కల్వకుర్తి దాటి అచ్చంపేట దారి పట్టేసరికి ఎండ చురుక్కుమంటోంది. వెనక కూర్చుని ఆమె దారి పొడవునా ప్రమాణం వల్లెవేసింది. దిగేసరికి భిక్షపతికీ అది కంఠతా వచ్చేసింది.

చింతలగట్టు చిన్నదే గానీ దానికీ ఒక బజారుంది. రెండు కిరాణా దుకాణాలు, ఒక మందుల షాపు, ఒక చాయ్ హోటల్. పదకొండు గంటలవేళ అన్నీ మూసి ఉన్నాయి. ఇళ్ళూ అంతే. ప్రతి తలుపుకూ తాళం, ప్రతి తాళానికీ వేపమండ. అరుగుల మీద ఒక్క ముసలి ప్రాణి లేదు. కుక్క లేదు, కోడి లేదు. ఒక దండెం మీద పసుపుపచ్చని చీర మాత్రం గాలి లేకుండానే కదులుతోంది.

"ఇయ్యాల బందేమన్న ఉన్నదా?" అన్నాడు భిక్షపతి, తెలియకుండానే గొంతు తగ్గించి.

"బందైతే కోళ్ళకు ఎవలు చెప్పిండ్రు?"

మమత ఇంటికీ తాళమే. శ్రీవాణి ఫోన్ చేసింది. తలుపు అవతలే మోగింది. మోగి మోగి ఆగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనొస్తున్ననని ఎట్లనో తెలిసింది. అందుకే తాళమేసి పోయింది."

"నిన్ను జూసి ఊరు ఊరే తాళమేసుకున్నదా? నువ్వు గంత పెద్ద దొంగవా?" అనేసి భిక్షపతి నాలుక కరుచుకున్నాడు.

ఆమె చూపు తప్పించుకోవడానికి, ఎవరైనా పలుకుతారేమోనని బండి హారన్ నొక్కాడు. బటన్ లోపలే ఇరుక్కుపోయింది. ఆ కూత గోడలకు తగిలి, సందుల్లో తిరిగి, ఎవరో ఆడమనిషి శోకం పెట్టినట్టుగా మళ్ళీ వాళ్ళ దగ్గరికే వచ్చింది. చివరికి వైరు తెంపేశాడు. తరువాత వచ్చిన నిశ్శబ్దం కన్నా ఆ కూతే నయమనిపించింది.

శ్రీవాణికి మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. పట్టీలు గల్లుమనేలా మెట్లెక్కి, గడప మీద కర్పూరం ముట్టించింది. "కమ్మలు..." అని మొదలుపెట్టి, మిగతా ప్రమాణం మరిచి వెక్కి వెక్కి ఏడ్చింది.

తాళం వేసిన ఇంట్లోంచి సమాధానం వచ్చింది. "వద్దు తల్లీ! చెప్త, చెప్త!"

భిక్షపతి అమాంతం బండి వెనక్కి చేరాడు. శ్రీవాణి కదలలేకపోయింది.

"ఈదమ్మ తల్లీ, నువ్వు ఊర్ల తిరిగే దినమని అందరు పొద్దున్నే పొలాలకు పోయిండ్రు. మనిషి ఉండొద్దని నాకెరుకనే. నడుము ఇరిగి లేవలేకున్న. మా కోడలు ఎవలకు తెల్వకుండ నన్ను లోపల పెట్టి తాళమేసింది. దాన్నేమనకు!"

అప్పుడు గుర్తుపట్టింది శ్రీవాణి. అది అక్క అత్తగారు నాగులమ్మ గొంతు.

"కమ్మలు నేనే దాచిన తల్లీ. కోడలు తన చెల్లెకు ఒక్కదినం పెట్టుకోనిస్తనన్నది. గడప దాటితే మళ్ళ రావని చింతపండు కుండల ఏసిన. పాపం, ఆ పిల్ల మీద మాట వడ్డది. ఇగ భయమై నోరెత్తలే."

"గా మాట అందరికి చెప్పాలె గద!" శ్రీవాణి అరిచింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు ఆమెదే అంటే ఆమే నమ్మదు.

"చెప్త తల్లీ! పొద్దుగూకి వాళ్ళు రాంగనే చెప్త!"

భిక్షపతి భార్య చెయ్యి పట్టి లాగాడు. స్టార్ట్ చెయ్యకుండా బండిని పొలిమేర దాకా నెట్టుకుపోయి, జనం తిరిగొచ్చేదాకా ఆగుదామని తుమ్మ చెట్ల చాటున కూలబడ్డారు. తిండి లేదు, నీళ్ళు లేవు. శ్రీవాణిని మరో బాధ తొలుస్తోంది.

"నేను ఈదమ్మనని చెప్పలే గద?"

"కాదని గూడ చెప్పలే."

పొద్దుగూకాక డప్పుల చప్పుడుతో జనం తిరిగొచ్చారు. వీళ్ళూ అప్పుడే వస్తున్నట్టుగా బండి మీద ఊళ్ళోకి వచ్చారు. మమత భర్త చెన్నయ్య ఎదురొచ్చాడు.

"మంచి దినం జూసి వచ్చిండ్రు తమ్మీ! ఇయ్యాల అమ్మ కేకేసింది. పొలాల దాక ఇనవడ్డది. ఇంటే పానం పోయింది. కిరాణపాయన తన తక్కెడ తప్పని ఒప్పుకున్నడు. ఇంకొకాయన పక్కోని పొలం గట్టు జరిపిన్నని మొక్కిండు. నేను గూడ ఏదో ఒకటి ఒప్పుకుందామనుకున్న గని, మీ వదినె పక్కనే ఉండె."

ఇంట్లో నాగులమ్మ మంచం మీదికే చింతపండు కుండ తెప్పించుకుని కూర్చుంది. అన్న మాట తప్పలేదు. అంతా చెప్పేసింది. మూడేళ్ళు పులుపులో ఉన్న కమ్మలు కొత్తవాటికన్నా మెరుస్తున్నాయి. మమత చెల్లెల్ని వాటేసుకుంది.

"నోటితోని అనలే గని, మనసుల అనుకున్న చెల్లె. నన్ను చెప్పుతోని కొట్టు."

"గట్లనకక్కా," అంది శ్రీవాణి. మూడేళ్ళ బరువు దిగిపోయింది గానీ, అమ్మవారి పేరు మీద దిగడం ఆమె మనసుకు నచ్చలేదు. నిజం చెప్పేద్దామని నాగులమ్మ పక్కన కూర్చుంది. "అత్తమ్మా, పగటీలి ఈ వాకిలి కాడ కర్పూరం ముట్టించింది..."

"అవు బిడ్డా, కర్పూరం వాసన గుప్పుమన్నది. గని అది తర్వాత. ముందుగాల తెల్లారంగనే, అందరు పొలాలకు పోంగనే, పెరటి తలుపు కాడికి వచ్చింది. మూడుసార్లు కొట్టి, 'కమ్మలెక్కడియి?' అని మెల్లగ అడిగింది. నేను పలకలే. అందుకే గద, ముందర వాకిట్లకొచ్చి గంత కేకేసింది."

తెల్లారేసరికి వాళ్ళింకా మహబూబ్‌నగర్‌లోనే ఉన్నారు. శ్రీవాణి భర్త వైపు చూసింది. భిక్షపతి పెరటి తలుపు వైపు చూశాడు. దాని గొళ్ళెం లోపలి నుంచి వేసే ఉంది.

"బువ్వ పెడుతున్న. పెరట్ల కాళ్ళు చేతులు కడుక్కొని రా మరిదీ," అంది మమత.

భిక్షపతి బజారు నల్లా దాకా నడిచిపోయి కడుక్కుని వచ్చాడు.